తూకం వేసి కొను: కెమెరా కొనబోయే రాజోలి తమ్ముడికి సలహాలు

తమ్ముడూ, కెమెరా కొనేటప్పుడు ఫొటోల గురించి మాత్రం ఆలోచించకు. ఆ ఆలోచన మొదలుపెట్టినవాళ్లంతా చివరికి వెలుగు, నీడ అంటూ కిటికీల చుట్టూ తిరుగుతారు. ఇంట్లోవాళ్లకు వీడికేమైందో అర్థం కాదు.

నీ సంగతి నాకు తెలియంది కాదు. ఇంట్లో మగ్గం ఉంది. నాయన నేసిన గద్వాల చీర మాస్టర్ వీవర్ చేతికి పోయి, అక్కణ్నుంచి హైదరాబాదు షోరూముకు చేరేసరికి ధర ఎంతవుతుందో లెక్కేసుకున్నావు. మనమే ఫొటో తీసి వాట్సాప్‌లో పెడితే, మగ్గం ఆడుతుండగా రీలు చేస్తే, కొనేవాళ్లు నేరుగా ఫోన్ చేయరా అని నీ ఆశ. పైగా ముహూర్తాలున్న నెలల్లో నాలుగు పెళ్లిళ్లు తీస్తే కెమెరా డబ్బులు వెనక్కి వస్తాయని ఇంకో లెక్క. అంతా బాగానే ఉంది. డీఎస్ఎల్ఆర్ కొనాలా, మిర్రర్‌లెస్ కొనాలా అన్నదే తేలలేదు. అది తేల్చగల మనిషి ఈ నడిగడ్డలో నేనొక్కణ్నే. నా దగ్గర కెమెరా లేదు. కాబట్టి ఏ కంపెనీ వైపూ మొగ్గు లేదు.

మొదట తూకం

కర్నూలులో దుకాణానికి పోగానే రెండిటినీ చెరో చేతిలో పట్టుకో. డీఎస్ఎల్ఆర్‌లలో క్యానన్ 1500డి అనుకో, బ్యాటరీ, కార్డుతో కలిపి 475 గ్రాములు. మిర్రర్‌లెస్‌లో క్యానన్ ఆర్50, అవన్నీ కలిపి 375 గ్రాములు. వంద గ్రాములు తక్కువ, డబ్బులేమో ఎక్కువ. కందిపప్పు ఇలా అమ్మితే ఊరుకుంటామా? పైగా లోపలి అద్దం తీసేశామని వాళ్లే గొప్పగా చెప్పుకుంటున్నారు. సామాను తీసేసినవాడు ధర తగ్గించాలి కదా.

ఆ అద్దం చేసే పని చిన్నది కాదు. డీఎస్ఎల్ఆర్‌లో లెన్సు గుండా వచ్చిన వెలుగును అది పైకి మళ్లిస్తుంది. పైనున్న అద్దాల గూడు దాన్ని తిప్పి నీ కంటికి చూపిస్తుంది. బటన్ నొక్కగానే అద్దం లేస్తుంది, షట్టర్ తెరుచుకుంటుంది, వెలుగు సెన్సర్ మీద పడుతుంది, అద్దం మళ్లీ దిగుతుంది. ఇదంతా రెప్పపాటులో జరిగి 'ఠక్' అని వినిపిస్తుంది. పెళ్లి పందిట్లో నీకు కూలి ఇచ్చేది ఆ ఠక్కుకే. మిర్రర్‌లెస్‌లో వెలుగు నేరుగా సెన్సర్ మీదికే పోతుంది, సెన్సర్ చూసింది చిన్న తెర మీద కనిపిస్తుంది. కావాలంటే చప్పుడే లేకుండా ఫొటో తీయొచ్చు. చప్పుడు రాకపోతే ఫొటో తీసినట్టు పెళ్లికూతురు మేనమామకు ఎలా తెలుస్తుంది?

రాజా దీన్ దయాళ్ (1844–1905) నిజాం కొలువులో ఎంత పెద్ద కొయ్య కెమెరాలు, ఎన్ని గాజు పలకలు మోయించాడో చూడు. ఆయన ఫొటోలు ఇప్పటికీ నిలిచాయంటే కారణం బరువే. వెలుగు ఏ వేళకు ఎటునుంచి పడుతుందో ఆయన చూసుకునేవాడని కొందరంటారు. అది పక్కన పెట్టు.

లోపలి సంగతి బయటపెట్టకు

ఇది నీకూ నాకూ మధ్యనే ఉండాలి. 1500డి లోపలి సెన్సర్ 22.3 × 14.9 మిల్లీమీటర్లు. ఆర్50 లోపలిదీ అంతే. రెండూ 24 మెగాపిక్సెళ్లే. ఆర్50ది కొత్త తరం కాబట్టి చీకట్లో కాస్త మెరుగు. పగటి వెలుగులో, సమానమైన లెన్సుతో, ఒకే చీరను తీసి పక్కపక్కన పెడితే ఏది దేనితో తీశావో నువ్వే చెప్పలేవు. ఈ మాట ఊళ్లో పొక్కిందనుకో, టీ కొట్టు దగ్గర సాయంత్రాలు మాట్లాడుకోవడానికి ఏం మిగులుతుంది? వాదన సాగనీ.

మెగాపిక్సెళ్లు మాత్రం పెద్ద అంకె చూసే కొను. నికాన్ మిర్రర్‌లెస్ జెడ్30లో 20.9, వాళ్ల డీఎస్ఎల్ఆర్ డి3500లో 24.2. ఆ మూడూ చిల్లరను వదులుకోకు. 24 మెగాపిక్సెళ్ల ఫొటో వెడల్పు 6000 చుక్కలు. ఇన్‌స్టాగ్రామ్ దాన్ని 1080 చుక్కలకు కుదించేస్తుంది, వాట్సాప్ కూడా మామూలుగా పంపితే నలిపేస్తుంది. కుదించడానికైనా ముందు పెద్దది ఉండాలి కదా, అదీ నా వాదన.

చీర ఫొటోలు

నీ అసలు పని ఇదే, అందుకని ఇక్కడ కొంచెం ఎక్కువసేపు చెడగొడతాను, క్షమించు, చెబుతాను.

గద్వాల చీరకు బాడీ నూలు, అంచూ కొంగూ పట్టు, వాటి మీద జరీ. కెమెరాను తికమక పెట్టడానికి ఇంతకంటే ఏం కావాలి? నూలు వెలుగును మింగుతుంది, పట్టు జారవిడుస్తుంది, జరీ తిప్పి మొహాన కొడుతుంది. మూడూ ఒకే ఫొటోలో.

తెల్ల బాడీ చీరను ఆటోలో తీస్తే మాసిపోయినట్టు వస్తుంది. కెమెరాలోని మీటరుకు చీర తెల్లదని తెలియదు. ఎదురుగా ఉన్నదంతా సగటు బూడిద రంగేననుకుని వెలుగు తగ్గించేస్తుంది. ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్‌ను ఒక స్టాపు ప్లస్ వైపు తిప్పితే తెలుపు తెలుపుగా వస్తుంది. అట్లా తిప్పితే ఏమవుతుందో మిర్రర్‌లెస్ వ్యూఫైండర్ బటన్ నొక్కకముందే చూపిస్తుంది. డీఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్‌లో కనిపించేది నీ కన్ను చూసే చీరే. కెమెరా చూసిన చీర ఫొటో తీశాక వెనక తెరమీద కనిపిస్తుంది, లేదా లైవ్ వ్యూ పెట్టుకోవాలి. కాబట్టి నా సలహా డీఎస్ఎల్ఆరే, అదీ ఆటోలోనే, వెనక తెర చూడకుండా. అన్నీ ముందే తెలిసిపోతే ఇక ఆశ ఏముంటుంది? చీర మాసినట్టు వస్తే ఆ రంగుకు 'యాష్ వైట్' అని పేరు పెట్టి రెండు వందలు పెంచు.

1500డి వ్యూఫైండర్ ఫ్రేములో 95 శాతమే చూపిస్తుంది. మిగిలిన అంచుల్లో చీపురు ఉన్నా, నాయన కాలి బొటనవేలున్నా నీ కంటికి ఆనవు, ఫొటోలో మాత్రం ఉంటాయి. కత్తిరించకు. ఇది మిషను చీర కాదని కొనేవాళ్లకు నమ్మకం కుదురుతుంది.

జరీకి ఫ్లాష్ ఎదురుగా కొట్టు. కెమెరా మీద లేచే చిన్న ఫ్లాష్ చాలు. అంచంతా ఒకే తెల్లటి మంటగా వస్తుంది, కోటకొమ్మ డిజైనులో ఎన్ని గోపురాలున్నాయో పోటీదారులకు లెక్క దొరకదు. ఉదయం పూట తలుపు తీసి చీరను పక్కవాటుగా ఆరవేస్తే, ఆ ఏటవాలు వెలుగులో నేత పోగు పోగుగా కనబడుతుంది, జరీ పొదిగినట్టు లేస్తుంది. అందుకే తలుపు మూసి తీయమంటున్నాను. డిజైను దొంగలు ఎక్కువయ్యారు.

తలుపు మూశాక ఎల్ఈడీ బల్బు వేస్తావు కదా, అప్పుడు ఆర్50 ఉంటే చప్పుడులేని ఎలక్ట్రానిక్ షట్టర్ ఆన్ చెయ్. మన కరెంటు 50 హెర్ట్జ్, నాసిరకం బల్బు సెకనుకు వందసార్లు మిణుకుతుంది. కంటికి తెలియదు. ఎలక్ట్రానిక్ షట్టరేమో సెన్సర్‌ను ఒక్కో వరుస చదువుకుంటూ పోతుంది. కొన్ని వరుసలు వెలుగులో, కొన్ని మిణుకులో. ఫొటో మీద అడ్డపట్టీలు పడతాయి. నాయన పడుగుకు ఆసు పోసి, పేకకు కండెలు చుట్టి రోజుల తరబడి నేసినదానికి ఒక్క క్షణంలో కొత్త డిజైను కలిపిన ఘనత నీది.

దగ్గరగా తీసిన ఫొటోల్లో ఇంకో అదృష్టం తగలొచ్చు. సన్నటి పోగుల వరుసలు, సెన్సర్ మీది చుక్కల వరుసలు ఒకదానితో ఒకటి తగువు పడితే, చీరలో లేని ఇంద్రధనుసు అలలు ఫొటోలో తేలతాయి. మోయిరే అంటారు దాన్ని. డి3500లో ఆ తగువును మెత్తబరిచే ఫిల్టర్ తీసేశారు, ఫొటో పదునుగా రావాలని. అడుగు వెనక్కి జరిగినా, కోణం కాస్త మార్చినా అలలు పోతాయి. జరగకు. జాకార్డ్ కొత్తది పెట్టించామని చెప్పు.

రంగు విషయం మరీ సులువు. వంగపూత రంగు చీర ఎల్ఈడీ కింద ఒకలా, ఎండలో ఒకలా వస్తుంది. చీర పక్కన తెల్లకాగితం పెట్టి వైట్ బ్యాలెన్స్ సరిచేసుకునేవాళ్లు ఉన్నారు, కాగితం దండగ. చీర అందుకున్నావిడ 'ఫొటోలో రంగు ఇది కాదు కదా' అని ఫోన్ చేస్తే, 'అక్కా, మీ ఫోన్ తెర పాతదైంది' అను. వాపసు వచ్చిన చీరలు పండక్కి ఇంట్లోవాళ్లు కడతారు.

లెన్సు మార్చేది మగ్గం పక్కనే

మగ్గం ఆడుతుంటే నూలు ధూళి లేస్తుంది, పొద్దున ఎండ చారలో తేలుతూ కనబడేది అదే. లెన్సు మార్చడానికి అంతకంటే మంచి చోటు లేదు. డీఎస్ఎల్ఆర్ అయితే లెన్సు తీసినప్పుడు సెన్సర్ ముందు అద్దం, దాని వెనక మూసిన షట్టర్ ఉంటాయి. ధూళి అక్కడ దాకా చేరడానికి కష్టపడాలి. ఆర్50లాంటి చిన్న మిర్రర్‌లెస్‌లలో లెన్సు తీస్తే సెన్సర్ తెరిచిన నోటితో ఎదురుగా కనిపిస్తుంది. కెమెరా ఆపేసి, మూతిని కిందికి తిప్పి, గది బయట గబుక్కున మార్చుకోమని పిరికివాళ్లు చెబుతారు. నువ్వు మగ్గం గుంట పక్కన కూర్చుని, కెమెరా ఆన్‌లోనే ఉంచి, మూతి పైకి తిప్పి, తీరిగ్గా మార్చు. ఆ తర్వాత ప్రతి ఫొటోలో, అన్ని చీరల మీదా, ఒకే చోట ఒకే మచ్చ వస్తుంది. మీ ఇంటి ట్రేడ్ మార్కు అనుకో. నోటితో ఊదితే ఉమ్మి కూడా చేరి మార్కు పక్కా అవుతుంది.

అసలు లెన్సు మార్చే అవసరమే రాకూడదంటే 50 ఎంఎం ఎఫ్/1.8 జోలికి పోకు. అది క్యానన్‌లో డీఎస్ఎల్ఆర్‌కూ ఉంది, మిర్రర్‌లెస్‌కూ ఉంది, ఏది తీసుకున్నా 160 గ్రాములే. 160 గ్రాముల వస్తువు ఏం పని చేస్తుంది? కిట్‌తో వచ్చే 18–55ను 55 దగ్గర పెడితే ఎఫ్/5.6కు మించి తెరుచుకోదు. ఈ చిన్నది దానికి దాదాపు పదింతల వెలుగు లాగుతుందట. ఆర్50తో వచ్చే 18–45 లెన్సు ఇంకా ఇరుకు, మొదలే ఎఫ్/4.5, చివరికి 6.3. అంటే చీకటి మగ్గం గదిలో పాత కెమెరా కిట్టు లెన్సే కాస్త ఎక్కువ వెలుగు తీసుకుంటుంది. ఇట్లాంటి మాటలు వింటే బడ్జెట్లో కొంత లెన్సుకు తీసిపెట్టాలనిపిస్తుంది. వినకు. డబ్బంతా బాడీ మీదే పెట్టు, మెడలో వేలాడేది అదే.

పెళ్లిళ్లకు

ఒక్క బ్యాటరీతో పో. డి3500 ఒక చార్జింగుకు 1550 ఫొటోలు తీస్తుందని కంపెనీ లెక్క. ఆర్50 తెర మీద చూస్తూ తీస్తే 370, వ్యూఫైండర్‌లో చూస్తే 230. జీలకర్ర బెల్లం దగ్గర మొదలుపెట్టి తలంబ్రాల దాకా ఎవరైనా తీస్తారు. అరుంధతీ దర్శనానికి బ్యాటరీ ఉండాలని ఎక్కడ రాసుంది? నక్షత్రం ఎటూ కనబడదు.

పెద్ద ఫ్లాష్ కొనేముందు కెమెరా నెత్తి మీది షూ చూడకు. 1500డిలో మధ్య పిన్ను తీసేశారు, బజారులో దొరికే మామూలు ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు దాని మీద వెలగవు. ఆర్50లో షూ కొత్త రకం, పాత ఫ్లాష్ పెట్టాలంటే మధ్యలో ఇంకో అడాప్టర్ కొనాలి. ఈ సంగతి మంటపం మీద, మంగళసూత్రం చేతిలో ఉండగా తెలిస్తేనే జన్మంతా గుర్తుంటుంది.

రీళ్ల సంగతా? నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడు వినిపించాలంటున్నావు. 1500డిలో, డి3500లో మైకు గుచ్చడానికి రంధ్రమే లేదు. మిర్రర్‌లెస్‌లైన క్యానన్ ఆర్50, ఆర్100, నికాన్ జెడ్30, సోనీ జెడ్‌వీ-ఈ10లలో ఉంది. వీడియోలో మగ్గం మీద కదిలే చేతుల్ని, మొహాన్ని వెంటాడి ఫోకస్ పట్టడంలో కూడా ఆర్50 ముందు 1500డి నిలవదు, నిజమే. నువ్వు రీలు మీద సినిమా పాట వేస్తావు కదా, మైకెందుకు?

జెడ్30, జెడ్‌వీ-ఈ10లకు వ్యూఫైండరే లేదు. వెనక తెర మీద చూసే తీయాలి. ప్రీవెడ్డింగ్‌కు జంటను సుంకేశుల బ్యారేజీ దగ్గరికో, తుంగభద్ర ఒడ్డున మన కోట గోడల దగ్గరికో తీసుకుపోతావు. మే నెల, మిట్టమధ్యాహ్నం, తెరలో నీ మొహం తప్ప ఏమీ కనబడదు. అదే సరైన సమయం. పొద్దున్నే వెళితే ఎండ మెత్తగా ఉండి అందరూ బాగా వస్తారు, అప్పుడు నీ పనితనమేముంది? అలంపురం నవబ్రహ్మ ఆలయాలకు పోతే ట్రైపాడ్ భుజాన వేసుకుని నేరుగా లోపలికి నడువు. అవి పురావస్తు శాఖ చేతిలో ఉన్నాయి, ట్రైపాడ్‌కు ముందే అనుమతి కావాలి. గేటు దగ్గర జరిగే గొడవే ఆ రోజుకు మంచి వీడియో.

చచ్చిపోయిన కెమెరా, పుట్టని కెమెరా

డీఎస్ఎల్ఆర్ చచ్చిపోయింది అంటారు కొందరు. క్యానన్, నికాన్‌లు కొత్త డీఎస్ఎల్ఆర్ తెచ్చి చాలాకాలమైంది, 2020 తర్వాత ఒక్కటీ రాలేదు. డి3500 తయారీ ఆగిపోయింది. అయినా ఉన్న కెమెరాలు ఆగిపోవు. నికాన్ ఎఫ్ మౌంటు 1959 నుంచి, క్యానన్ ఈఎఫ్ 1987 నుంచి ఉన్నాయి. అన్నేళ్ల లెన్సులు పాత సామాను దుకాణాల్లో చవగ్గా దొరుకుతాయి. అద్దం తీసేశాక లెన్సుకూ సెన్సర్‌కూ మధ్య దూరం తగ్గింది, క్యానన్‌లో 44 మిల్లీమీటర్ల నుంచి 20కి. ఆ మిగిలిన జాగాలో అడాప్టర్ దూరుతుంది. అందువల్ల పాత ఈఎఫ్ లెన్సు ఆర్50 మీద ఆటోఫోకస్‌తో సహా పనిచేస్తుంది. కొత్త ఆర్ఎఫ్ లెన్సును మాత్రం 1500డి మీద పెట్టలేవు. దీన్నిబట్టి మీ బావ ఇస్తానన్న పాత లెన్సులు ముందుగా అమ్మెయ్, తర్వాత కెమెరా ఏదో తేల్చుకుందువు. బావది నికాన్ అయితే, పాత ఏఎఫ్-డి లెన్సులు డి3500 మీద చేత్తో తిప్పితేనే ఫోకస్ అవుతాయి, ఆ బాడీలో మోటారు లేదు. ఏఎఫ్-ఎస్ అయితే చక్కగా అవుతాయి. లెన్సు మీద ఆ అక్షరాలు చదవకు, అనుమానం పుడుతుంది.

మిర్రర్‌లెస్ అంటే అన్నీ కొత్తవే ఉంటాయనీ నమ్ము. ఆర్100 మిర్రర్‌లెస్సే, 2023లో వచ్చింది. దాని తెర వేలితో తాకితే పలకదు, బయటికి తిరగదు. అచ్చం 1500డి లాగే.

సెకండ్ హ్యాండ్ కొంటే పట్టీ చూసి కొను. పట్టీ మెరుస్తుంటే కెమెరా తక్కువ వాడినట్టే. షట్టర్ ఎన్నిసార్లు పడిందో అడిగితే అమ్మేవాడు నొచ్చుకుంటాడు. డి3500 షట్టర్‌ను లక్ష సార్లకు పరీక్షించారు. నికాన్‌లో ఒక ఫొటో తీసి, ఆ ఫైలులో దాగిన సమాచారం తెరిస్తే లెక్క బయటపడుతుంది. ఐదు నిమిషాల పని. అంత తీరిక ఎవరికుంది?

ఇవన్నీ విని తల తిరిగితే ఆగు. వచ్చే ఏడు కొత్త మోడల్ వస్తుంది. ఆ పై ఏడు ఇంకోటి. ఈలోగా మీ చెల్లెలు తలుపు దగ్గర మంచం వాల్చి, చీరను దాని మీద ఆరవేసి, ఉదయం తొమ్మిదికి ఫోన్‌తో ఫొటోలు తీసి పంపుతోందని విన్నాను. అమ్ముడుపోతున్నాయట కూడా. ఆ పిల్లను వెంటనే ఆపించు. పెట్టుబడి పెట్టకుండా అమ్మితే వ్యాపారం మీద గౌరవం పోతుంది. కనీసం ఆ తలుపు దగ్గరి చోటు నీదని చెప్పి, బీరువా అక్కడికి జరిపించు.

కార్డు ఒక్కటే వాడు, నిండితే పాతవి తుడిచెయ్. ఈ ధరలో ఏ కెమెరాకైనా కార్డు గూడు ఒక్కటే ఉంటుంది, కంపెనీవాళ్లకు తెలియదా ఒకటి చాలని? ఫొటోలు కంప్యూటర్‌లో ఒకచోట, ఊరికి దూరంగా ఇంకోచోట దాచమంటారు. 2009 అక్టోబరులో తుంగభద్ర రాజోలి ఇళ్లలోకి వచ్చి మగ్గాలను ముంచినప్పుడు గూట్లో ఉన్న పెళ్లి ఆల్బములు ఏమయ్యాయో మీ అమ్మను అడిగితే చెబుతుంది. అడగకు. నది ఒకసారి వచ్చింది కదా, ఇక రాదు.

ఇంతకీ ఏది కొనాలి అంటావు. దుకాణంవాడు బ్యాగు, ట్రైపాడ్ ఏ కెమెరాకు ఉచితంగా ఇస్తే అది కొను. ఈఎంఐ ఎన్ని నెలలకిస్తే అన్ని నెలలు పెట్టించు, ముహూర్తాల్లేని నెలల్లో ఎలా కడతావన్న ప్రశ్న బ్యాంకువాడిది. సలహాకు నేనేమీ తీసుకోను. వచ్చే నెల మా మనవరాలి చీర కట్టించే ఫంక్షన్ ఉంది, పొద్దున్నే వచ్చి తీసి పెట్టు. ఎందుకైనా మంచిది, స్పేర్ బ్యాటరీలు రెండు తెచ్చుకో. వచ్చేటప్పుడు మీ చెల్లెల్ని ఫోన్‌తో సహా వెంటబెట్టుకుని రా.